తాటిచెట్టు మీద నుంచి పడ్డ అన్నకు ఇల్లు సరిచేసిన డైరీ: కొలతలు, ఖర్చు, చెడిపోయినవి

మా అన్న గీత కార్మికుడు. వానకు తడిసిన తాటిచెట్టు మీద మోకు (నడుముకు కట్టుకుని చెట్టెక్కే తాడు) జారి కింద పడ్డాడు. వెన్నులో నడుముకు కాస్త పైనుండే టి12 ఎముక నలిగింది. రాడ్లు, స్క్రూలు వేసి ఆపరేషన్ చేశారు. చేతులకు ఏమీ కాలేదు. నడుము కింద మాత్రం కదలిక లేదు, స్పర్శా లేదు. నాకు నల్గొండ జిల్లాలో చిన్న వెల్డింగ్ షాపు ఉంది, అందుకే ఇంటి పని నా మీద పడింది.

2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పడకుండా చూసేది ఆ కిట్టు. పడి, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మనిషికి ఇంట్లో ఏం మార్చాలో మాకు చెప్పినవాళ్ళు తక్కువ. అందుకే రాస్తున్నాను. ఇది వైద్య సలహా కాదు. చర్మం, మూత్రం, జ్వరం సంగతులు మీ డాక్టరునే అడగండి.

రెండు లెక్కలు పక్కపక్కనే రాస్తూ వచ్చాను. ఒకటి ఖర్చు. రెండోది, ఎవరూ చెయ్యి వెయ్యకుండా అన్న ఒక్కడే చేసుకునే పనులు. ఈ రెండో లెక్క ఫిజియోథెరపిస్టు చెప్పింది. "బాగున్నాడా, ఎలా ఉన్నాడు అని రాయకండి. ఏం చేసుకుంటున్నాడో రాయండి" అంది.

మొదలుపెట్టేటప్పటికి ఒంటరిగా చేసుకునే పనులు: 4. తినడం, గడ్డం గీసుకోవడం, నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి ట్యూబుతో మూత్రం తీసుకోవడం, మంచం మీద పక్కకు తిరగడం.

మొదటి స్టేజీ: ర్యాంపు

వరండా ఎత్తు నేల నుంచి 21 అంగుళాలు, మూడు మెట్లు. ర్యాంపుకు లెక్క 1కి 12. అంటే ప్రతి అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు. మాకు 21 అడుగులు కావాలి. వరండా ముందు ఖాళీ చూస్తే 14 అడుగులే.

అసలు చిక్కు స్థలంతో కాదు, అమ్మతో వచ్చింది. "ర్యాంపు కడితే పెద్దోడు ఇగ నడవడని మనమే ఒప్పుకున్నట్టు కాదురా?" అంది. అప్పటికి ఎల్లమ్మకు మొక్కుకుంది, పసరు వైద్యం కూడా చేయించింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ "కాళ్ళొస్తయా?" అనే అడుగుతున్నారు. ఆ మాట వినపడ్డప్పుడల్లా అన్న గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

మధ్యేమార్గంగా తీసి పెట్టుకునే చెక్క ర్యాంపు చేశాను. 6 అడుగుల పలకలు రెండు పక్కపక్కన, మధ్యలో కబ్జాలు (మడత బందులు). 6 అడుగుల పలక మీద 21 అంగుళాలు ఎక్కితే వాలు 1కి 3 దగ్గరకు వస్తుంది. వెనక నుంచి ఇద్దరం తోసినా ముందు చిన్న చక్రాలు గాల్లోకి లేచి కుర్చీ వెనక్కి పడబోయింది. పక్కింటి మామ పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. పలకలు షాపులో బల్లకు వాడేశాను. చెక్క ర్యాంపు పెట్టుకునేవాళ్ళు కూడా 1కి 12 లెక్క వదలొద్దు.

ఆ సాయంత్రం అమ్మతో అన్నే మాట్లాడాడు. "నడిస్తే నడుస్త. ర్యాంపు మీద గూడ నడవొచ్చు గదనే" అన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక తను అంత స్పష్టంగా మాట్లాడిన మాట అదే. మర్నాడు అమ్మే మేస్త్రీని పిలిపించింది.

కట్టిన పద్ధతి ఇది:

1. గోడ వెంట 11 అడుగుల మొదటి వాలు, 11 అంగుళాల ఎత్తు వరకు.
2. మలుపు దగ్గర 5 అడుగులకు 5 అడుగులు చదునైన గద్దె. ఇంతకంటే తగ్గిస్తే కుర్చీ తిరగదు.
3. అక్కడి నుంచి 10 అడుగుల రెండో వాలు, మిగిలిన 10 అంగుళాలు.
4. వెడల్పు 4 అడుగులు. రెండు అంచులకూ 4 అంగుళాల చిన్న గట్టు, చక్రం జారి కింద పడకుండా.
5. సిమెంటు పచ్చిగా ఉండగానే అడ్డంగా చీపురుతో గీతలు. మేస్త్రీ నున్నగా తిప్పేస్తానన్నాడు, ఒప్పుకోలేదు. వానాకాలంలో నున్నటి సిమెంటు మీద చక్రం జారుతుంది.
6. అంగుళంన్నర పైపుతో పట్టుకునే రాడ్లు, 30 అంగుళాల ఎత్తులో ఒకటి, 36లో ఒకటి.

లోపల నింపడానికి ఒక ట్రాక్టర్ మొరం సరిపోయింది. మొరాన్ని అర అడుగు మందాన పోసి, నీళ్ళు కొట్టి, దిమ్మిస కొట్టి మళ్ళీ పోయాలి. ఒకేసారి నింపితే తర్వాత కుంగి పైన సిమెంటు పగులుతుంది.

తర్వాత మార్చింది ఒకటే. ఎండాకాలం పైపులు కాలిపోతున్నాయి. అరచేతికి తెలుస్తుంది కాబట్టి అన్న వెంటనే వదిలేస్తాడు. మోకాలు రాడ్డుకు ఆనుకుంటే మాత్రం తెలియదు. కింది పైపుకు సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టాం. ఆ చుట్టే పని అన్నే చేశాడు, మోకు అల్లిన చేతులు కదా, బిగువు నాకంటే బాగా వచ్చింది.

ఖర్చు: చెక్క ప్రయోగం 1,800. మొరం 1,200, ఇటుక 4,000, సిమెంటు 4,320, ఇసుక 2,500, కూలి 6,500, పైపు 4,200. మొత్తం రూ. 24,520.
ఒంటరిగా చేసుకునే పనులు: 6. వాకిట్లోకి రావడం, గేటు దాకా వెళ్ళడం కలిశాయి.

రెండో స్టేజీ: బాత్రూం

బాత్రూం తలుపు 24 అంగుళాలు. కుర్చీ బయటి వెడల్పు 25న్నర. మొదట తలుపు, చౌకట్టు పీకేసి పరదా కడితే 28 వచ్చింది. కుర్చీ దూరింది, కానీ చక్రం తిప్పే వేళ్ళు గోడకు గీసుకుపోయాయి. చెయ్యి ఆడాలంటే కుర్చీకి అటూ ఇటూ కనీసం చెరో రెండు అంగుళాలు ఉండాలి. తాళం వైపు గోడను ఇంకో 6 అంగుళాలు కొట్టాలనుకున్నాం.

ఇక్కడ మేస్త్రీ ఆపాడు. పైన లింటెల్ (తలుపు మీది గోడను మోసే అడ్డ దిమ్మె) పక్క గోడ మీద ఆనుతున్నదే 6 అంగుళాలు. అది కొట్టేస్తే లింటెల్ గాల్లో ఉంటుంది. అందుకని ముందు పైన గాడి తీసి, రెండు వైపులా ఎల్ యాంగిల్ ఇనుము పెట్టి, సిమెంటు ఆరాకే కింద గోడ కొట్టాం. మీ ఇంట్లో తలుపు వెడల్పు చేసేముందు లింటెల్ ఎంతవరకు ఆనిందో చూపించుకోండి.

లోపల ఉన్నది నేల మీది బేసిన్. దాని మీద వచ్చేలా చదరపు పైపుతో స్టూలు చేశాను, మధ్యలో రంధ్రం, ముందు వైపు చెయ్యి దూరేంత ఖాళీ. పైన మెత్తకు ఫోమ్ పెట్టి రెక్సిన్ కుట్టించాను. నీళ్ళు కుట్లలోంచి లోపలికి దిగి కొద్ది రోజులకే వాసన వచ్చింది. రెక్సిన్ తీసేసి, చెప్పుల అడుగుకు వాడే మెత్తటి షీటు రెండు పొరలు అంటించాను. దాన్ని కడిగితే ఆరిపోతుంది.

జారుడు చెక్క (మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి స్టూలుకు జరగడానికి మధ్యలో వేసేది): 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 28 అంగుళాల పొడవు, 9 వెడల్పు. రెండు కొసలు పల్చగా చెక్కి, అంచులన్నీ కాగితం పెట్టి రుద్ది వార్నిష్ వేశాను. ఒంటికి తడి ఉంటే చర్మం చెక్కకు అంటుకుని లాగుతుంది. అందుకే మధ్యలో లుంగీ గుడ్డ వేసి జరగాలి. ఈడ్చుకోకూడదు, చేతుల మీద లేచి కొంచెం కొంచెం జరగాలి.

సబ్బు, ట్యూబు పెట్టుకునే పలక 30 అంగుళాల ఎత్తులో బిగించాను. అంతకు ముందు అవన్నీ వదిన నిలబడి అందుకునే ఎత్తులో ఉండేవి. ట్యూబుకు ముందు చేతులు కడుక్కోవడానికి కూడా ఇంకొకరిని పిలవాల్సి వచ్చేది.

ఖర్చు: యాంగిల్ 900, కూలి 2,400, స్టూలు 650, షీటు, ఫోమ్ 150, గోడ రాడ్డు 700, ప్లైవుడ్ 480. ఈ స్టేజీకి 5,280. ఇప్పటిదాకా రూ. 29,800.
ఒంటరిగా చేసుకునే పనులు: 9. మంచం నుంచి కుర్చీకి మారడం, దొడ్డికి వెళ్ళడం, స్నానం కలిశాయి. స్నానం ఒక్కడే చేసిన రోజు నుంచి వదిన మళ్ళీ పత్తి ఏరడానికి వెళ్తోంది.

మూడో స్టేజీ: పుండు, కుషన్

ఇక్కడ లెక్క వెనక్కి నడిచింది. కుడి పిర్ర ఎముక దగ్గర ఎర్రటి మచ్చ వచ్చింది. ఒత్తిడి తీసేసిన అరగంటకు కూడా ఎరుపు పోకపోతే అక్కడ కూర్చోకూడదని ఆసుపత్రిలో చెప్పి పంపారు. ఆ వారం మేనకోడలి పెళ్ళి. అన్న కుర్చీ దిగలేదు. మచ్చ పొక్కై, పొక్కు పుండైంది. నెలన్నర దాకా బోర్లా పడుకోవాల్సి వచ్చింది.

ఒంటరిగా చేసుకునే పనులు: 3.

నేను రాసిన అంకెల్లో అన్న అడిగి మరీ చూసింది ఇదొక్కటే. చూసి పుస్తకం తిరిగిచ్చేశాడు, ఏమీ అనలేదు.

కుషన్ ఎందుకు ఫెయిలైందో తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వీల్‌చెయిర్ శిక్షణలో నేర్పే చేతి పరీక్షను ఫిజియోథెరపిస్టు చూపించింది. దీనికి పైసా ఖర్చు లేదు, అందరూ చేసి చూడండి.

1. మనిషి కుర్చీలో నిటారుగా కూర్చోవాలి, చేతులు తొడల మీద.
2. మీ అరచెయ్యి పైకి పెట్టి, వేళ్ళ కొసలు పిర్ర ఎముక కిందికి వచ్చేలా కుషన్‌కూ ఒంటికీ మధ్య దూర్చాలి.
3. వేళ్ళ కొసలు 5 మిల్లీమీటర్లు పైకీ కిందికీ ఆడితే ఒత్తిడి పరవాలేదు.
4. ఆడవు గానీ చెయ్యి సులువుగా బయటికి వస్తే హెచ్చరిక.
5. వేళ్ళు నలిగి, చెయ్యి లాగడమే కష్టమైతే ప్రమాదం.
6. రెండో వైపు కూడా అలాగే చూడాలి.

పుండు మానాక పాత కుషన్ మీద రెండు నిమిషాలు కూర్చోబెట్టి చూశాం. కుడివైపు నా వేళ్ళు నలిగాయి. కుర్చీతో వచ్చిన 2 అంగుళాల స్పాంజి మధ్యలో అప్పడమైపోయింది. దాని బదులు పరుపుల షాపులో 4 అంగుళాల మెత్తటి ఫోమ్ కొన్నాను. చేత్తో నొక్కితే బాగుంది, మనిషి కూర్చుంటే ఎముక అడుగుదాకా దిగిపోయింది. మెత్తగా ఉంటే మంచిదన్నది తప్పు లెక్క. మళ్ళీ చేసింది ఇలా: అడుగున 2 అంగుళాల గట్టి ఫోమ్, అందులో పిర్ర ఎముకలు వచ్చే చోట అంగుళం లోతు గుంట, పైన 2 అంగుళాల మెత్తటి ఫోమ్. తొడలు బరువు మోస్తాయి, ఎముకలు గుంటలో తేలతాయి. ఇప్పుడు రెండు వైపులా వేళ్ళు ఆడుతున్నాయి. ఫోమ్ అణిగిపోతుంది కాబట్టి నెలకొకసారి ఈ పరీక్ష చేస్తున్నాం.

కుషన్ మారేసరికి మిగతా కొలతలన్నీ చెడ్డాయి. కూర్చునే ఎత్తు 20న్నర నుంచి 22న్నర అంగుళాలకు పెరిగింది. పాదాలు వేలాడుతుంటే ఫుట్‌రెస్టు 2 అంగుళాలు పైకి బిగించాను. బాత్రూం స్టూలు 20 అంగుళాలు. దాని మీదికి దిగడం తేలికే, తిరిగి ఎక్కడమే కష్టం. కాళ్ళకు ఇంకో సైజు పైపు తొడిగి, బోల్టులతో పైకి లేపాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు కుషన్ ఖాయం చేసుకోండి, ఇనుము కొయ్యడం ఆ తర్వాతే.

కుర్చీ సీటు కూడా 18 అంగుళాల వెడల్పు, అన్న నడుము 14న్నర. ఒక పక్కకు జారి కూర్చునేవాడు, కుడి ఎముక మీద బరువు పడటానికి అదీ ఒక కారణమే. రెండు పక్కలా అంగుళంపావు మందం దిండ్లు కట్టాం. ఒంటికీ దిండుకూ మధ్య అర అంగుళం వదలాలి, లేకపోతే అక్కడ ఇంకో పుండు.

ఇప్పుడు అరగంటకొకసారి ముందుకు వంగి, ఛాతీ తొడల మీద ఆనించి, రెండు నిమిషాలు అలాగే ఉంటాడు. ఫోన్‌లో అలారం పెట్టాం. రాత్రి పూట చర్మాన్ని తనే ఫోన్ కెమెరాతో ఫోటో తీసి చూసుకుంటాడు.

ఖర్చు: వృథా అయిన ఫోమ్ 600, పొరల ఫోమ్ 1,150, గుడ్డ, కుట్టుకూలి 250. ఈ స్టేజీకి 2,000. ఇప్పటిదాకా రూ. 31,800. డ్రెస్సింగుల ఖర్చు ఇందులో కలపలేదు. అది కుషన్ కంటే చాలా ఎక్కువైంది.

నాలుగో స్టేజీ: కత్తులు

ఇది నా ప్లానులో లేదు. అన్న బోర్లా పడుకుని ఉన్నప్పుడు తోటి గీత కార్మికులు చూడటానికి వచ్చేవాళ్ళు. ఒకాయన నడుముకున్న కత్తి తీసి పక్కన పెట్టాడు. అన్న మోచేతుల మీద లేచి, దాని అంచు బొటనవేలితో చూసి, "ఏంది బావా, దీంతోని గెల గీస్తున్నవా, నరుకుతున్నవా?" అన్నాడు. నేల మీద సానరాయి పెట్టించుకుని, ఎత్తు బల్ల మీద బోర్లా పడుకునే నూరి ఇచ్చాడు. రెండో రోజు ఆ బావ ఇంకో ఇద్దరి కత్తులు తెచ్చాడు.

కల్లు పారే పూల గెల కొసను రోజూ పల్చగా చెక్కాలి. కత్తి మొద్దుబారితే గెల నలిగి కల్లు సరిగా పారదు. అందుకే మంచి పదును అంటే గీసేవాళ్ళకు డబ్బుతో సమానం. అన్నకు ఆ పదును చేతిలో ఉంది.

నేను తొందరపడి పాత గ్రైండింగ్ మెషీను కొన్నాను. రెండు నష్టాలు. ఒకటి, చక్రం వేడికి అంచు నీలంగా మారింది. అలా మారిన ఇనుము మెత్తబడి పదును నిలవదు. రెండోది, నిప్పురవ్వలు తొడ మీద పడ్డాయి. అన్నకు తెలియలేదు, లుంగీ కాలిన వాసన నాకొచ్చింది. రెండు చిన్న బొబ్బలతో పోయింది. స్పర్శ లేని కాళ్ళున్నవాళ్ళ ఒళ్ళోకి రవ్వలే కాదు, వేడి టీ గ్లాసు కూడా రాకూడదు. మెషీను అమ్మేశాను. ఇప్పుడు పనంతా చేతి రాయి మీదే. వెల్డింగ్ తోలు ఆప్రాన్ మాత్రం ఉంచుకున్నాం, తడి రాయి నుంచి కారే బురద తొడల మీద పడి చర్మం నానకుండా.

బల్ల ఎత్తు ఎంతన్నది తేలలేదు. అప్పుడే ఫిజియోథెరపిస్టు వెల్లూరు సి.ఎం.సి. ఆసుపత్రి డాక్టర్ మేరీ వర్ఘీస్ సంగతి చెప్పింది. 1954లో కారు ప్రమాదంలో ఆమె నడుము కింద చచ్చుబడింది. ఆ తర్వాత తను చక్రాల కుర్చీలో కూర్చుని, కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలవడానికి కారణం ఆమే. ఫిజియోథెరపిస్టు ధైర్యం చెప్పడానికి చెప్పింది. అన్న అడిగింది వేరు. "మరి ఆమె ఆపరేషన్ బల్ల ఎంత ఎత్తుంటుండె మేడం? మోచేతులు దేని మీద ఆనిచ్చేది?" ఫిజియోథెరపిస్టు నవ్వి, "మీ కొలత మీరే తీసుకోండి" అంది.

తీసుకున్నాం. కూర్చుంటే తొడల పైభాగం నేల నుంచి 27 అంగుళాలు. బల్ల అడుగు 28న్నర, పైభాగం 30. మొదట సాదా పలక పెడితే ముందుకు వంగి నూరేటప్పుడు పట్టు లేక ఒక చెయ్యి బల్లను పట్టుకోవాల్సి వచ్చింది. నూరడానికి రెండు చేతులూ కావాలి. పలకలో అర్ధచంద్రంలా 16 అంగుళాల వెడల్పు, 8 లోతు కోశాను. కుర్చీ ఆ గుంటలోకి వస్తుంది, రెండు మోచేతులూ పలక మీద ఆనతాయి. రాయిని చట్రంలో పెట్టి చీలతో బిగించి, తన వైపుకు కొంచెం వాలు ఇచ్చాం. పలక పాత ఇంటి తలుపే.

ఖర్చు: మెషీను నష్టం 500, పైపు కాళ్ళు 1,100, రెండు సానరాళ్ళు 900, తోలు ఆప్రాన్ 350. ఈ స్టేజీకి 2,850. ఇప్పటిదాకా రూ. 34,650.
ఒంటరిగా చేసుకునే పనులు: 11. పుండు మానాక పాత 9 తిరిగొచ్చాయి, చర్మం చూసుకోవడం, కత్తుల పని కలిశాయి.

కత్తికి 30 రూపాయలు. అది పెద్ద సంపాదనేమీ కాదు, ఇల్లు ఇంకా వదిన కూలీ మీదే నడుస్తోంది. కానీ వచ్చినవాళ్ళు ఇప్పుడు "కాళ్ళొస్తయా" అని అడగడం లేదు, "నా కత్తి అయ్యిందా" అని అడుగుతున్నారు. అమ్మ మొక్కు మొక్కుగానే ఉంది. అన్న వద్దనలేదు, నేనూ అనలేదు.

ఐదో స్టేజీ: స్కూటర్ (నడుస్తోంది)

పక్క చక్రాలు బిగించిన స్కూటర్ తీసుకుందామని అన్న పట్టు. కత్తులు తన దగ్గరికి రావడం కాదు, పొద్దున్నే మండువ (కల్లు దించి అమ్మే చోటు) దగ్గరికి తనే వెళ్తే ఎక్కువ పని దొరుకుతుందని లెక్క. చక్రాలు బిగించాక రిజిస్ట్రేషన్‌లో మార్పు రాయించాలి, లైసెన్సు దానికి తగ్గట్టు ఉండాలి. ఆ కాగితాల పని మొదలుపెట్టాం.

ఎక్కడమే సమస్య. స్కూటర్ సీటు సుమారు 30 అంగుళాలు, కుర్చీలో తను కూర్చునే ఎత్తు 22న్నర. ఏడున్నర అంగుళాలు పైకి లేవాలి. గొలుసుతో లేపే చిన్న క్రేన్ లాంటిది వెల్డింగ్ చేద్దామని గీసి చూపించాను. అన్న కాగితం పక్కన పెట్టి, "ర్యాంపు మలుపు గద్దె ఎత్తెంత?" అన్నాడు. 11. గద్దె మీద కుర్చీలో కూర్చుంటే 33న్నర అవుతుంది. "ఇంక నన్నెందుకు లేపుడు? బండినే మూడున్నర అంగుళాలు లేపు" అన్నాడు.

మిగిలిన పని, అన్న చెప్పి రాయించినట్టు:

1. గద్దె పక్కన బండి నిలబెట్టడానికి మూడున్నర అంగుళాల కాంక్రీటు దిమ్మ, వెనక నుంచి ఎక్కడానికి వాలు.
2. గద్దె దగ్గర రాడ్డులో 3 అడుగుల ముక్క కోసి, కబ్జా, చీల పెట్టి తలుపులా చేయాలి.
3. పక్క చక్రం బయటికి పొడుచుకు వస్తుంది కాబట్టి 28 అంగుళాల జారుడు చెక్క అందదు. 36 అంగుళాలది కొత్తగా కావాలి, మందం కూడా పెంచాలి.
4. గేటు 42 అంగుళాలే. బండి వచ్చాక వెడల్పు కొలిచి, అప్పుడు గేటు స్తంభం జరపాలి. ముందే కొట్టొద్దు.
5. బండి మీద మడత కుర్చీ ఎక్కడ కట్టాలో ఇంకా తేలలేదు. ఎవరైనా చేసి ఉంటే కొలతలు పంపండి.